మానేటి గాలము



ఈ సాయంకాలము నేను ప్రస్తావింపబూనిన విషయము గాలము. పెద్దల యెదుట మాటలాడుటకు ఇదియా విషయమని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. బడి ఎగవేసిన కుఱ్ఱవాడును, పొలముపని తీరిన ముసలివాడును చెఱువుగట్టున గూర్చుండి ప్రొద్దుపుచ్చు సాధనమని గాలమునకు మన యూళ్ళలో పేరు. అయినను ఆ చిన్న కొక్కెము మనకు నేర్పదగిన పాఠ మొకటి కలదు. ఆ పాఠము నేడు మన మానేటికిని, గోదావరికిని మిక్కిలి యవసరమై యున్నది. దానిని మీ ముందుంచుటకే ఈ కొద్ది నిమిషములు తీసికొనుచున్నాను.

మన సీమ నీటికి పేదది కాదు. కందకుర్తి కడ తెలంగాణపు నేలపై నడుగిడిన గోదావరి బాసర, ధర్మపురి, మంథని క్షేత్రములను తాకి, కాళేశ్వరము కడ ప్రాణహితను గలసికొనుచున్నది. 2016లో కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాలు పెక్కు ముక్కలుగా విడిపోవు వఱకు ఈ నది చాల దూరము ఆ రెంటికిని నడిమి గట్టుగా నుండెను. ఉత్తరపు సరిహద్దున పెన్గంగ, కుంటాల కడ బండలపై నుండి దుమికి వచ్చు కడెము, ఆసిఫాబాదు అడవులలోని పెద్దవాగు, దక్షిణమున సిరిసిల్ల, కరీంనగరుల మీదుగా వచ్చు మానేరు, అన్నియు తుదకు గోదావరి కడుపున జేరునవియే. మంచిర్యాలకును మంథనికిని నడుమ శివారము మడుగులలో నేటికిని మొసళ్ళు కలవు. మొసలి బ్రతికి యున్నదన్న ఆ మడుగున చేప యున్నదనుటకు వేఱు సాక్ష్య మేల? బొచ్చె, రవ్వ, వాలుగ, జెల్ల, పరక, కొర్రమట్ట, ఈ పేర్లు మీ నాలుకలకు నేను గుర్తుచేయ నక్కఱలేదు.

చేపను పట్టుటకు మనవారు పెక్కు సాధనములను గనిపెట్టిరి. విసురువల కలదు, నిలువువల కలదు, వెదురుతో నల్లిన ఊత కలదు. బెస్తవారికిని, ముదిరాజులకును ఇవి తరతరముల జీవనాధారములు. వానిని నేను నిందింపను. అయితే గాలమున కొక ప్రత్యేకత కలదు. కొక్కెమునకు ఒకసారి ఒక్క చేపయే పడును. అది ప్రాణముతో గట్టునకు వచ్చును. చేతికి వచ్చిన పిదప అది పిల్లయా, ముదురుదా, గ్రుడ్లతో నున్నదా యని చూచి, ఉంచుకొనుటయో విడిచిపెట్టుటయో నిర్ణయించుకొను వ్యవధి మనుష్యునకు చిక్కును. వలకు ఈ విచక్షణ కొంత తక్కువ. నీటిలో గలిపిన విషమునకు అసలే లేదు.

ఈ విద్య నేటిది కాదు, నీచమైనదియు గాదు. కళ్యాణ నగరము రాజధానిగా 12వ శతాబ్దమున ఏలిన చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున మానసోల్లాసమను సంస్కృత గ్రంథమును రచించెను. మన హనుమకొండ కాకతీయులు ఆ చాళుక్యులకు సామంతులుగా నుండినవారే. ఆ గ్రంథమున రాజవినోదములను వర్ణించు భాగములో మత్స్యవినోదమను ప్రకరణ మొకటి కలదు. చేపల జాతులు, వానిని మరపుటకు వేయు మేత, కఱ్ఱ, త్రాడు, కొక్కెము, అన్నియు అందు చెప్పబడినవి. ఆంగ్లభాషలో గాలమును గూర్చిన మొదటి పుస్తకము అచ్చుపడినది 1496లో. అంతకు మూడున్నర శతాబ్దములకు ముందే మన దక్కను ప్రభువు సింహాసనముపై గూర్చుండి గాలమును గూర్చి వ్రాసెను.

ఇతర దేశములవా రీ విద్యను మఱియొక దారిని బెంచిరి. సుమారు 1800 సంవత్సరముల క్రిందట ఏలియనను రోమక రచయిత, మాసిడోనియాలోని యొక యేటియందు మచ్చలుగల చేపలను పట్టు విధమును వర్ణించెను. ఆ చేపలు నీటిపై వ్రాలు ఈగలను తినును. ఈగ సుకుమారమైనది, కొక్కెమునకు గ్రుచ్చిన చెడిపోవును. కావున అచటివారు కొక్కెమునకు ఎఱ్ఱని ఉన్ని చుట్టి, రెండు కోడియీకలు కట్టి, దానినే ఈగగా భ్రమింపజేసిరట. నేడు ఇంగ్లండు, అమెరికా దేశములలో ఫ్లై ఫిషింగని పిలుచు ఈగ గాలమునకు అదియే మూలపురుషుడు. మన గాలమున బరువు కొక్కెమునందో సీసపు గుండునందో యుండును. ఆ గాలమున బరువు త్రాటియందే యుండును. బండివాడు కొరడా ఝళిపించినట్లు కఱ్ఱను వెనుకకును ముందునకును ఊపగా, త్రాడు గాలిలో విప్పుకొని, చివరనున్న ఈకల ఈగ చప్పుడు లేక నీటిపై వ్రాలును. పీనుగ వంటి కొక్కెమునకు ప్రాణము పోయుటయే అందలి నేర్పు.

ఆ గాలమునకు ప్రసిద్ధమైన చేప ట్రౌటు. అది మంచు కరగిన చల్లని యేళ్ళలో బ్రతుకునది. 1900లో బ్రిటను నుండి కాశ్మీరమునకు తెచ్చి పెంచిరి, నీలగిరులలోను పెంచిరి. మన వైశాఖపు టెండలకు కాగిన మానేటి నీటిలో అది ఒక్క దినమైనను నిలువదు. అందులకు మనము చింతింప బనిలేదు. మనకు కొర్రమట్ట యున్నది. 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర మత్స్యముగా ప్రకటించినది దానినే.

కొర్రమట్ట స్వభావము మీరెఱుగనిది కాదు. దానికి మొప్పలతోబాటు గాలిని నేరుగా పీల్చుకొను సాధనము గలదు. కావుననే నీరు తగ్గి బురదయైన మడుగులో ఇతర చేపలు తేలిపోయినను అది బ్రతుకును. అందుకే నడుమ నడుమ నీటిపైకి వచ్చి గ్రుక్కెడు గాలి త్రాగిపోవును. ఆ బుడగను చూచియే గాలగాడు దాని యునికిని పసిగట్టును. తామరాకుల యంచున కప్పపిల్లను గ్రుచ్చిన కొక్కెమును టపటపమని నీటిపై దుమికించినచో, కొర్రమట్ట చప్పుడుతో పైకెగసి పట్టుకొనును. ఇప్పటి యువకులు రబ్బరుతో జేసిన కప్పలను అంగడిలో కొని అదేపని చేయుచున్నారు. చూడగా ఇదియు ఆ ఈగ గాలమునకు దాయాదియే.

ఇక నా పాఠమునకు వచ్చెదను. వానకాలమున కొర్రమట్ట గట్టునంటిన లోతులేని నీటిలో, నాచును తొలగించి గూడు చేసికొనును. గ్రుడ్లు నీటిపై తేలుచుండును. ఒకటి రెండు దినములలో పిల్లలు వెడలును. ఎఱ్ఱని ఆ పిల్లలు కొన్ని వారముల వఱకు గుంపు విడువక, దోసెడు కుంకుమ నీటిపై చల్లినట్లు తిరుగుచుండును. వాని క్రింద తల్లిదండ్రులు కావలి కాయుచుండును. కప్ప వచ్చినను, పాము వచ్చినను, తమకంటె పెద్ద చేప వచ్చినను ఎదిరించును. ఆ సమయమున ఆ గుంపు నడుమ కొక్కెము పడినచో, ఆకలి లేకున్నను కావలి చేప దానిని కఱచును. ఆకలికై కఱచుట కాదది, పిల్లలకై కఱచుట. కొర్రమట్టను గాలమునకు లాగుటకు ఇంతకంటె సులభమైన సమయము లేదు.

నా చిన్ననాటి మాట. కరీంనగరు కడ దిగువ మానేరు ఆనకట్ట 1985లో ముగియుటకు చాల ముందు. మా యూరి మడుగులో ఎఱ్ఱని పిల్లల గుంపొకటి చూచి, దాని నడుమ నేను గాలము వేసితిని. వేసిన క్షణముననే మోచేతి పొడుగు కొర్రమట్ట పడినది. గెలిచితినన్న సంతోషముతో దానిని పట్టుకొని గట్టెక్కుచుండగా, వల బాగుచేసికొనుచున్న బెస్త ముసలాయన నన్ను పిలిచెను. కోపింపలేదు. “బిడ్డా, ఆకలైతే పట్టుకో, తప్పుగాదు. కని పిల్లల మీదున్నదాన్ని పట్టద్దు. నువ్వు ఒక్కదాన్ని గుంజలే, ఆ మడుగును గుంజినవ్” అనెను. మఱునాడు వెళ్ళి చూచితిని. మడుగున కుంకుమ లేదు. పరకలును, నీటి పురుగులును పిల్లలను ఏరుకొని తినివైచినవి. నాటి కూర రుచి నాకు జ్ఞాపకము లేదు. ఆ ఖాళీ నీరు మాత్రము జ్ఞాపకమున్నది.

ఈ ధర్మము బెస్త ముసలాయన సొంతము మాత్రమే కాదు. అమెరికా ఖండమున బాసను చేప కలదు. అదియు మన కొర్రమట్ట వలెనే కప్పబొమ్మకు ఎగసిపడునది. దానిలో మగది గూటిని తోకతో శుభ్రపఱచి, గ్రుడ్లను, పిల్లలను కాచుచుండును. కావుననే కెనడాలోని ఆంటేరియో సీమలో చాలచోట్ల వసంతకాలమున బాసును తీసికొనిపోరాదను కట్టడి యున్నది. గాలము వేయువారే ఆ కట్టడిని గౌరవించుచున్నారు, ఏలయన నష్టము మొదట తమకే గదా.

మఱియొక యుదాహరణము. చారల బాసను పెద్దచేప అట్లాంటిక సముద్రమున నుండి, గ్రుడ్లు పెట్టుటకు వసంతమున నదుల కెదురెక్కును. అందఱును పట్టి పట్టి ఆ జాతి క్షీణింపగా, మేరీల్యాండు రాష్ట్రము 1985లో దానిని పట్టుటయే మాన్పించి, 1990 వఱకు ఆ నిషేధమును నిలిపినది. 1995 నాటికి అది కోలుకొన్నదని ప్రకటింపబడినది. 2019లో మఱల తగ్గినదని తేలగా మఱల కట్టడులు బిగించిరి. దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. ఓర్చుకొన్న చేప తిరిగి వచ్చును. ఓర్పు విడిచిన మఱల పోవును.

మన నదుల గతి యేమి? మృగశిర కార్తెనాడు చేప తినుట మన ఇంటింటి యాచారము. ఆ యాచారమును తప్పుపట్టను. అయితే ఆ కార్తె తోడనే వానలు దిగును, వాగులు పొంగును, బొచ్చెయు రవ్వయు గ్రుడ్లతో నిండిన కడుపులతో ప్రవాహమున కెదురెక్కును. తలుపు లెత్తిన ఆనకట్ట క్రింద అవి ఎగురుట మీరు చూచియే యుందురు. శ్రీరామసాగరమునకు 1963లో పునాది పడినది మొదలు మన నదులపై ఆనకట్టలు పెరిగినవి. పంటకు నీరు వచ్చినది, దానిని కాదనరాదు. కాని చేప దారి కుఱుచయైనది. మిగిలిన ఆ కొద్ది దారిలో, వాగు మూతియందు ఈ గట్టు నుండి ఆ గట్టు వఱకు సన్నకన్నుల వల కట్టినచో, ఒక్క రాత్రిలో రాబోవు సంవత్సరపు పంటను కోసినట్లే. అంతకంటె ఘోరము తోటాలు పేల్చుట, మందు కలుపుట, కరెంటు తీగ నీటిలో విడుచుట. వీనికి చిన్నదియు పెద్దదియు భేదము లేదు. కరెంటుకు చేపకును మనిషికిని భేదము లేదు.

ప్రేలుడు పదార్థములతోను, విషముతోను చేపలను చంపుట నేరమని 1897నాటి మత్స్య చట్టమే పలికినది. ఆ చట్టమునకు ముందు గొంతెత్తినవారిలో టామసను మద్రాసు ఉద్యోగి యొకడు. ఆయన గాలమునందు మిక్కిలి ఆసక్తిగలవాడు; 1873లో భారతదేశపు గాలమును గూర్చి పెద్ద గ్రంథమునే వ్రాసెను. చేపపిల్లల నాశనమును గూర్చి ప్రభుత్వమునకు నివేదించినవాడును ఆయనయే. చేపను ఒక్కొక్కటిగా ఎఱిగినవానికే దాని కఱవు ముందుగా తెలియును. అయినను కాగితము మీది చట్టము అర్ధరాత్రి వాగులోనికి దిగి రాదు. అచటికి దిగి రాగలది ఊరి మాట యొక్కటే.

2016 మొదలు ప్రభుత్వము చెఱువులలో ఉచితముగా చేపపిల్లలను విడుచు పథకము నారంభించినది గదా, ఇక దిగులేల యని మీరడుగవచ్చును. అట్లు విడిచినవి ముఖ్యముగా బొచ్చె, రవ్వ, బంగారుతీగ వంటి పెంపుడు జాతులు. వాలుగకును, వాగులలోని కొర్రమట్టకును, పేరులేని చిన్న పరకలకును మంత్రసాని నదియే. వాలుగ ఇప్పటికే ఆపదలోనున్న జాతులలో జేర్పబడినది.

కావున పెద్దలకు నా మనవి మూడు మాటలు. ఎఱ్ఱని పిల్లల గుంపుమీదనున్న కొర్రమట్టను మన యూరివారెవ్వరును పట్టరాదని చావడిలో చెప్పుడు. తొలి వరదలలో వాగును పూర్తిగా మూయక, నడుమ దారి విడువవలెనని వలగలవారితో గూర్చుండి యొప్పందము చేసికొనుడు. ఆ యొప్పందము వారి కుటుంబములకే మొదట మేలు. తోటా, మందు, కరెంటు వాగున దిగినచో, చేసినవాడు మనవాడైనను ఊరకుండకుడు. ఆకలిగొన్నవాని కంచము లాగుకొనుమని నేను చెప్పుట లేదు. రేపటి కంచమున కొంత మిగుల్చుమనియే నా ప్రార్థన.

ఇక మీ మనుమడు గాలము పట్టుకొని మానేటికి పోవుచున్న యెడల వానిని కోపింపకుడు. వానితో బోయి గట్టున గూర్చుండుడు. చేప పట్టుట వాడు తనంతట తానే నేర్చుకొనును. పట్టిన చేపను విడుచుట మాత్రము మీరే నేర్పవలయును.