లాంచీలో చూసిన కలకత్తా

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పయి మూడేళ్ళు ఫైళ్ళు రాసినవాణ్ణి. ఇవాళ మాట్లాడమని కార్యదర్శి గారు ఆజ్ఞాపించటానికి ఒక కారణం ఉన్నది. పోయిన నెల సమావేశంలో యాత్ర సంగతి వచ్చినపుడు సగం మంది చేతులు ఎత్తలేదు. అడిగితే ఒకరు మోకాళ్ళన్నారు, ఒకరు షుగరన్నారు. "నడవలేనివాడికి ఊరు చూపించేదెట్లా?" అని ఒక పెద్దాయన అన్నారు. ఆ ప్రశ్నకు నాకు తెలిసిన ఒక జవాబు చెప్పి కూర్చుంటాను.

2023 జనవరిలో నేనూ మా ఇంటావిడా కలకత్తా వెళ్ళి వచ్చాము. 2001 నుండి ఆ నగరం పేరు కోల్‌కతా అయింది గానీ మన నోటికి కలకత్తాయే అలవాటు. ఆమెకు రెండు మోకాళ్ళూ నొప్పులే. దానికంటె పెద్ద ఇబ్బంది ఇంకొకటున్నది. ఆమెకు నీళ్ళంటే భయం. మన మూలవాగు సంగతి మీకు తెలియనిది కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. వాన పడిన రాత్రి మాత్రం అది వాగు కాదు, మనిషిని అడగకుండా తీసుకుపోతుంది. ఆమె చిన్నతనంలో మేనమామ అట్లా వాగు దాటబోయి తిరిగి రాలేదు. అప్పటి నుండి ఆమె పారే నీటిలో కాలు పెట్టలేదు. పుష్కరాలకు ధర్మపురి పోయినా చెంబుతో నీళ్ళు తెప్పించుకుని తల మీద చల్లుకున్న మనిషి.

సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కి మరునాడు హౌరా స్టేషన్‌లో దిగాము. బయటికి వస్తే ఎదురుగా రోడ్డు, రోడ్డు దాటితే నది. టాక్సీలవాళ్ళు చుట్టుముట్టారు. మా అబ్బాయి స్నేహితుడు ముందే ఒక మాట చెప్పి పంపాడు, "అంకుల్, స్టేషన్ ముందరే లాంచీల రేవు ఉంటుంది, దాంట్లో అవతలికి పోండి" అని. కౌంటరు దగ్గర టికెట్టు అడిగాను. మనిషికి పది రూపాయల లోపే. సిరిసిల్లలో ఒక చాయ ఖరీదు!

మా ఇంటావిడ రేవు ముందర నిలబడిపోయింది. "మీరు పోండి, నేను బస్సులో వంతెన మీదుగా వస్తా" అన్నది. భాష రాని ఊరిలో ఆమె ఒక్కతే బస్సులో ఎట్లా వస్తుంది? నేను బలవంతపెట్టలేదు. అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాము. అరగంటలో ఎన్నో లాంచీలు వచ్చాయి, పోయాయి. ఆఫీసు గుమాస్తాలు, బడిపిల్లలు, కూరగాయల గంపలవాళ్ళు, సైకిలు పట్టుకున్నవాళ్ళు, చంకలో పిల్లను ఎత్తుకున్న తల్లులు ఎక్కారు, దిగారు. ఎవరి ముఖంలోనూ భయం లేదు. వాళ్ళకు అది మన ఆర్టీసీ పల్లెవెలుగు బస్సు వంటిది. అది చూసి ఆమే లేచింది. "ఒక్కసారి అటు ఒడ్డుకు, అంతే" అని షరతు పెట్టింది.

అక్కడి రేవు కట్టుబడి మనకు కొత్త. ఒడ్డుకు కొంత దూరంలో ఇనుప తెప్ప వంటిది నీటి మీద తేలుతూ ఉంటుంది. ఒడ్డు నుండి దాని మీదికి ఒక ఇనుప వంతెన. నీరు పెరిగితే తెప్పతో పాటు వంతెన కొస పైకి లేస్తుంది, తగ్గితే దిగుతుంది. ఎందుకంటే అక్కడ హుగ్లీ నదికి సముద్రపు ఆటుపోట్లు తగులుతాయి. సముద్రం నూరు కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా రోజుకు రెండుసార్లు నీరు పెరిగి తగ్గుతుంది. ఇది మొదట కనిపెట్టింది నేను కాదు, మా ఇంటావిడే. "పొద్దున గుర్రపుడెక్క దుబ్బులు ఇటు పోతున్నాయి, సాయంత్రం అటు పోతున్నాయి, ఏమిటిది?" అని అడిగింది. పోటు వేళ నది వెనక్కి పారుతుందని చెబితే నమ్మలేదు. మన వాగులు వెనక్కి పారటం మనమెక్కడ చూశాము?

లాంచీ కదిలింది. ఆమె నా చేయి వదలలేదు. పైన హౌరా వంతెన. 1943 ఫిబ్రవరిలో మొదలైన ఈ వంతెనకు 26,500 టన్నుల ఉక్కు పట్టింది. నది మధ్యలో ఒక్క స్తంభం లేదు. బోల్టులు, నట్లు లేకుండా అంతా రివెట్లతో బిగించారు. దీనికి ముందు 1874 నుండి అక్కడ నీటి మీద తేలే వంతెన ఉండేది. మరి ఈ వంతెన అందం దాని మీద నడిచేవాడికి కనబడదు. వాడికి ముందు నడిచేవాడి వీపే కనబడుతుంది. కింద నుండి, నీటి మీద నుండి చూడాలి. దాని పక్కనే మల్లిక్ ఘాట్ పూల బజారు. బంతిపూల దండలు గుట్టలు గుట్టలుగా కనబడుతాయి. దిగువన 1992లో తెరిచిన విద్యాసాగర్ సేతు, తాళ్ళతో వేలాడదీసినట్టుంటుంది.

పది నిమిషాలలో బాబూఘాట్ చేరాము. ఆ ఘాట్‌కు బాబు రాజచంద్ర దాస్ పేరు పెట్టారు. ఆయన భార్యే దక్షిణేశ్వరం కాళికాలయం కట్టించిన రాణీ రాస్మణి. ఆమె గురించి ఒక కథ చెబుతారు. కంపెనీ ప్రభుత్వం బెస్తవారి మీద చేపలు పట్టినందుకు పన్ను వేసింది. రాణి ఆ నదీభాగాన్ని కంపెనీ దగ్గరే కౌలుకు తీసుకుని, నదికి అడ్డంగా ఇనుప గొలుసులు కట్టించిందట. ఓడలు ఆగిపోయాయి. పన్ను రద్దయింది. నది మీద బ్రతికేవాడిదే నది అని ఒక విధవరాలు దొరలకు చెప్పిన కథ ఇది.

"ఒక్కసారి" అన్న మనిషి మరునాడు బేలూరు మఠం చూశాక తానే లాంచీ ఎప్పుడని అడిగింది. బేలూరు మఠం స్వామి వివేకానంద స్థాపించినది, పడమటి ఒడ్డున ఉంటుంది. దక్షిణేశ్వరం 1855లో ప్రతిష్ఠ జరిగిన ఆలయం, తూర్పు ఒడ్డున ఎగువన ఉంటుంది. రోడ్డు మీద పోతే చుట్టు తిరగాలి. లాంచీలో అరగంట లోపు. తొమ్మిది శిఖరాల ఆలయం నీటి మీద నుండి కొద్దికొద్దిగా దగ్గరవుతుంటే కూర్చున్న చోటనే దర్శనమయింది.

ఆ లాంచీలోనే మా మాటలు విని ఒక ముసలాయన పలకరించాడు. శ్రీకాకుళం వైపు మనిషి. టీటాగఢ్ జనపనార మిల్లులో పనిచేసి రిటైరైనాడు. హుగ్లీ ఒడ్డున రిష్రాలో 1855లో మొదటి జనపనార మిల్లు వచ్చింది. తరువాత ఆ మిల్లుల కోసం గంజాం, విశాఖ ప్రాంతాల నుండి మనవాళ్ళు ఎందరో వలస పోయారు. మన సిరిసిల్ల నేత కార్మికులు బీవండీ, సూరత్ పోయినట్టే. ఆయన తాత మగ్గం వదిలి అక్కడికి పోయాడట. మా ఇంటావిడ ఆయనను "అన్నా, రోజూ ఈ నీళ్ళు దాటుతావు కదా, భయం లేదా?" అని అడిగింది. "భయం ఉండాలమ్మా. భయం ఉన్నోడే తెప్ప ఆగేదాకా ఆగి దిగుతాడు" అన్నాడాయన. అప్పుడామె తన మేనమామ సంగతి చెప్పింది. నలభై ఏళ్ళ కాపురంలో నాకు రెండు ముక్కల్లో చెప్పిన సంగతి ఆ పెద్దమనిషికి మొత్తం చెప్పింది. నేను పక్కన కూర్చుని విన్నాను.

ఆయన మాటనే మీకు జాగ్రత్తగా చెబుతున్నాను. 2017 ఏప్రిల్‌లో హుగ్లీ ఒడ్డున తెలినీపాడాలో తాత్కాలికంగా కట్టిన జెట్టీ కూలి జనం కొట్టుకుపోయారు. 2019 సెప్టెంబరు 15న మన గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండలు పోయే పడవ మునిగింది. అందులో మన వరంగల్లు వైపువారు కూడా ఉన్నారు. అందుచేత పడవ నిండితే ఎక్కవద్దు, తరువాతిది వస్తుంది. వరద రోజుల్లో అసలే వద్దు. ఉదయం తొమ్మిది నుండి పదకొండు, సాయంత్రం అయిదు నుండి ఏడు ఉద్యోగస్తుల రద్దీ. ఆ వేళలు వాళ్ళకు వదిలిపెట్టాలి. మనకిప్పుడు ఏ ఆఫీసు రిజిస్టరులోనూ సంతకం పెట్టే పని లేదు కదా! రేవులలో మరమ్మతులు జరుగుతుంటాయి గనుక ఆ రోజు ఏ రేవు నడుస్తున్నదో ముందుగా అడగాలి.

మేము వచ్చిన తరువాత, 2024 మార్చిలో, హౌరా నుండి నది అడుగున మెట్రో రైలు మొదలైంది. నిమిషం లోపే నది దాటిస్తుంది. మంచిదే. కానీ సొరంగంలో పోయేవాడికి నది కనబడదు. కొచ్చిలో 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో ప్రారంభించారు. అందులో పడవ, రేవు ఒకే ఎత్తులో ఉండేటట్టు కట్టారు. చక్రాల కుర్చీ కూడా నేరుగా లోపలికి పోతుంది. నడవలేనివారి కోసం ఆలోచించి కట్టినది అది.

కనుక యాత్రా కమిటీకి నా మనవి. ప్రత్యేకంగా టూరిస్టు పడవ మాట్లాడవద్దు. దాంట్లో మైకు మోగుతుంది, పాటలుంటాయి, మన ముఖాలు మనమే చూసుకుంటాము. జనం ఎక్కే లాంచీలో కూర్చుంటే ఊరే మన ముందు నుండి నడిచిపోతుంది. మన పెన్షనుకు అందే ఖర్చు. ఒకరి చేయి పట్టుకుని జెట్టీ వంతెన దిగగలిగితే చాలు, మిగతాది నది చూపిస్తుంది. మోకాళ్ళ నొప్పులున్నవారి పేర్లే జాబితాలో ముందు రాయండి.

మొన్న వానాకాలం మూలవాగు పారినప్పుడు మా ఇంటావిడ మొదటిసారి ఒడ్డు దాకా వచ్చి నిలబడింది. నీళ్ళలోకి దిగలేదు. ఒక పువ్వు వేసి వచ్చింది.