ఇంజను దింపుటకు ముందు అడుగవలసిన నాలుగు అంకెలు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

గ్రామ పంచాయతీ సభ్యులారా,

ఒక పాత కారు ఇంజనును గూర్చి మాటలాడుటకు ఇందరము కూడవలెనా యని మీలో కొందరికి తోచవచ్చును. కాని ఆ కారు ఊరి సొమ్ముతో నడచుచున్నప్పుడు, దాని మరమ్మతునకు తీర్మానము చేయవలసినవారు మీరే. "ఇంజను దింపవలెను" అను ఒక్క మాటపై వేలకొలది రూపాయలు మంజూరగును. ఆ మాట నిజమో కాదో తెలిసికొను మార్గము కలదు. దానిని మీకు తెలుపుటకే మేము వచ్చితిమి.

మొదట మా తప్పు చెప్పుకొందుము. కొన్నేండ్ల క్రితము ప్రచార కార్యక్రమములకు మేము వాడిన పాత పెట్రోలు అంబాసిడరు కారు మిట్ట యెక్కునపుడు కుదుపుచు, నిలిచియున్నపుడు వణకుచు ఉండెను. పిస్టను రింగులు అరిగినవని ఒక మెకానిక్ చెప్పెను. ఏ పరీక్షయు అడుగక మేము సరే యంటిమి. ఇంజను దింపిరి, రింగులు మార్చిరి, బిల్లు చెల్లించితిమి. మూడవ దినమున మరల అదే కుదుపు. తుదకు తేలినదేమనగా, ఒక ప్లగ్గు తీగ లోపల తెగియున్నది. చవకైన తీగ మార్చిన సరిపోవుచోట ప్రజల సొమ్ము వృథా చేసితిమి.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచిపోయినది. కావున నేడు తిరుగుచున్నవన్నియు పాత బండ్లే. వాని పెట్రోలు ఇంజనులో నాలుగు సిలిండర్లుండును. ప్రతి సిలిండరుకును మూడు కావలెను: తగుపాళ్ల గాలి, పెట్రోలు, సకాలమున నిప్పురవ్వ, ఆ మిశ్రమమును గట్టిగా నొక్కు ఒత్తిడి. ఈ ఒత్తిడినే కంప్రెషన్ అందురు. సైకిలు పంపులో వాషరు ఎండిపోయినచో ఎంత కొట్టినను గాలి ఎక్కదు గదా! రింగులు అరిగిన ఇంజను స్థితియు అట్టిదే.

కొట్టుచున్న మిస్సు ఏ సిలిండరుదో మొదట తెలిసికొనవలెను. ఇంజను మెల్లగా తిరుగుచుండగా మెకానిక్ రబ్బరు పిడి గల పటకారుతో ప్లగ్గు తీగలను ఒక్కొక్కటిగా క్షణకాలము తీసి పెట్టును. మంచి సిలిండరు తీగ తీయగానే ఇంజను మరింత కుంటుపడును. ఏ తీగ తీసినను శబ్దము మారదో, ఆ సిలిండరే పనిచేయుట లేదు. ఇది పాత పాయింట్ల బండ్లకు మాత్రమే తగినది. కంప్యూటరు గల కొత్త బండ్లకు పనికిరాదు.

పిదప ఆ ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూడవలెను. మిస్సు ప్లగ్గుతోపాటు పక్క సిలిండరుకు పోయినచో లోపము ప్లగ్గుదే. పోనిచో తీగను మార్చి చూడవలెను. తీగలు 1, 3, 4, 2 అను వరుసలోనే నిప్పు నందించుచున్నవో లేదో, డిస్ట్రిబ్యూటరు మూత పగిలియున్నదో చూడవలెను. ప్లగ్గు మొన లేత గోధుమరంగున నున్న మంచిదే. పొడి మసి పట్టిన పెట్రోలు హెచ్చగుచున్నది. నూనెతో తడిసియున్న రింగులను గాని వాల్వులను గాని అనుమానింపవలెను.

ఇవియన్నియు సరిగా నున్నను మిస్సు పోనిచో, అప్పుడు కంప్రెషన్ గేజి కావలెను. ఇంజనును వేడెక్కించి ఆపి, నాలుగు ప్లగ్గులును తీసి, కాయిల్ తీగ విడదీసి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి, ప్రతి సిలిండరుకును ఒకే లెక్కన స్టార్టరు తిప్పవలెను. బ్యాటరీ నిండుగా నుండవలెను. దగ్గర బీడీ గాని అగ్గిపుల్ల గాని ఉండరాదు. వచ్చిన నాలుగు అంకెలను కాగితముపై వ్రాయించుడు. మూడు 120 పౌండ్ల చెంత నుండి, ఒకటి 70 చూపినచో లోపము ఆ సిలిండరులో నున్నది.

ఆ సిలిండరులో ఒక చెంచా ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. అంకె బాగుగా పెరిగినచో ఆయిలు సందులు మూసినదన్నమాట. రింగులో, సిలిండరు గోడలో అరిగినవి. పెరుగనిచో వాల్వులను అనుమానింపవలెను. ట్యాపెట్ల సందు చాలక వాల్వు పూర్తిగా మూసికొనకపోవుట కలదు. అది ఇంజను దింపకయే సరిచేయదగిన పని. పక్కపక్కనున్న రెండు సిలిండర్ల అంకెలును తగ్గినచో వాని నడుమ హెడ్ గ్యాస్కెట్ కాలియుండవచ్చును.

సభ్యులారా! మెకానికులందరు మోసగాండ్రని మేము చెప్పుట లేదు. అడుగువారు లేనిచోట తొందరపాటు సహజము. రింగులు నిజముగా అరిగినవని అంకెలు తెల్పినచో జాగు చేయక సొమ్ము మంజూరు చేయుడు. కాని మరమ్మతు తీర్మానమునకు ఆ నాలుగు అంకెలును, ఆయిలు పోసిన పిమ్మట వచ్చిన అంకెయు గల కాగితమును జతచేయుడు. ఆ కాగితము లేనిదే "ఇంజను దింపుడు" అని చేయి ఎత్తకుడు. మేము చేసిన తప్పు మీరు చేయరాదనియే మా కోరిక.