వినడం కూడా చదువే
(విద్యార్థులకు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఎలా చదవాలో, ఎలా మాట్లాడాలో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎలా వినాలో చెప్పేవాళ్ళు తక్కువ. బ్యాంకు కౌంటర్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాణ్ణి గనుక ఆ సంగతే రెండు మాటల్లో చెబుతాను.

మన నాందేడ్ 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. నేటికీ మనకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో హిందీ, ఉర్దూ. చెవికి పని ఎక్కువ. లెక్కలే చూడండి. మనం 'ఇరవై ఐదు' అంటాం. మరాఠీ 'పంచవీస్'లో ఐదు ముందు వస్తుంది. 2019లో బాలభారతి రెండో తరగతి గణితంలో 'వీస్ ఏక్' పద్ధతి పెడితే మహారాష్ట్ర అంతటా చర్చ జరిగింది. ఇక 'దోన్‌శే' అంటే 200, 'పావణే దోన్‌శే' అంటే 175, 'సవ్వా దోన్‌శే' అంటే 225. ముందున్న చిన్నమాట చెవిన పడకపోతే 25 రూపాయల తేడా! అందుకే చీటీ చేతిలో ఉన్నా క్యాషియర్ "ఎంత?" అని అడుగుతాడు. ఎదుటివాళ్ళ నోట చెప్పించుకున్నాకే నోట్లు ఇస్తాడు. అలా సరిచూసుకోవడం చిన్నతనం కాదు.

ఇంట్లో మాత్రం ఈ జాగ్రత్త మరిచిపోతాం. పదో తరగతి దాకా మరాఠీ మీడియంలో చదివిన అమ్మాయి పదకొండులో సైన్సు తీసుకుంటుంది. అక్కడ పాఠం ఇంగ్లీషులో. "బాపూ, ఫిజిక్స్ సమజైతలేదు" అంటుంది. మాట పూర్తికాకముందే "ఫోను పక్కకు పెట్టు, అదే సమజైతది" అంటాం. ఆ పిల్ల మళ్ళీ చెప్పదు. "ఏది సమజైతలేదు బిడ్డా? పుస్తకం చూపెట్టు" అని అడిగితే, చిక్కంతా ఇంగ్లీషు మాటల దగ్గరేనని తేలవచ్చు. ఒక నిఘంటువుతో, కొన్నాళ్ళ సాయంతో తీరే కష్టం, వినేవాళ్ళు లేక చదువు మానేదాకా పోకూడదు.

కాబట్టి తల్లిదండ్రులారా, ముందు పూర్తిగా వినండి. "నువ్వనేది ఇదేనా?" అని అడగండి. సలహా ఆ తరువాత చెప్పండి.

పిల్లలూ, మీరూ అంతే. ఇంటర్వ్యూలో ప్రశ్న సగం విని జవాబు మొదలుపెట్టకండి. అర్థం కాకపోతే "మళ్ళీ చెప్పండి సార్" అనండి. ఇంట్లో నానమ్మ, తాతయ్య మాట్లాడుతుంటే ఫోను కింద పెట్టి వాళ్ళ ముఖం చూడండి.