హెచ్చరికకును సాక్ష్యము వలయును



మోసగాండ్రు సాధారణముగా ఆశను చూపుదురు. ఆశ చూపి చేయు మోసమును కొంత అనుభవము గలవారు కనిపెట్టగలరు. కాని మేలుకోరినట్లు వచ్చు అసత్యమును కనిపెట్టుట కష్టము. ‘జాగ్రత్త సుమా’ అని చెప్పవచ్చిన వానిని నిలువబెట్టి, ‘ఈ సంగతి నీకెట్లు తెలిసినది?’ అని అడుగుటకు మనకు మొగమాటము కలుగును. ఈ మొగమాటము నాశ్రయించి దేశదేశములు తిరిగిన కొన్ని హెచ్చరికలను గూర్చియు, వాని నిజానిజములను తెలిసికొను మార్గమును గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను.

ఇట్టి లేఖలు మనకు క్రొత్తవి కావు. తపాలా కార్డులు విరివిగా వ్రాసికొను దినములలో, పంపినవారి పేరులేని కార్డులు దేవుని పేర వచ్చుచుండెడివి. ఇన్ని ప్రతులు వ్రాసి పంపినవారికి శుభమనియు, చింపివేసినవారికి కీడనియు వానిలో నుండెడిది. నమ్మి వ్రాసినవారు కొందరు. నమ్మకయే, ‘ఎందుకు వచ్చిన గొడవ’ అని వ్రాసినవారు మరికొందరు. ఈ-మెయిలు వచ్చిన పిదప కార్డు కొను ఖర్చును, వ్రాయు శ్రమయు తప్పిపోయెను. భయము మాత్రము నిలిచెను. కీడునకు వైరస్ అని పేరు వచ్చెను.

1994వ సంవత్సరాంతమున ‘గుడ్ టైమ్స్’ అను శీర్షికగల లేఖను తెరవరాదనియు, తెరచినచో కంప్యూటరులోని సమస్తము నశించుననియు ఒక హెచ్చరిక బయలుదేరెను. ఈ సంగతిని మిత్రులందరకు తెలుపుడని దాని చివర కోరిక. ఆ డిసెంబరులోనే అమెరికా ఇంధనశాఖకు చెందిన కంప్యూటరు రక్షణ విభాగము ఇది వట్టిమాట యని ప్రకటించెను. అట్టి వైరస్ లేనే లేదు. అయినను ఆ హెచ్చరిక సంవత్సరముల తరబడి తిరుగుచునే యుండెను. దానిని మోసినవారు దుర్మార్గులు కారు. మిత్రుల క్షేమము కోరినవారే.

2002లో వచ్చిన మరియొక లేఖ ఇంతకంటె గడుసుది. ‘మీ కంప్యూటరులో ఫలానా పేరుగల ఫైలును వెదకుడు, ఎలుగుబంటి బొమ్మ కనబడినచో అది వైరస్, వెంటనే తీసివేయుడు’ అని దానిలో నుండెను. జనులు వెదకిరి. ఎలుగుబంటి కనబడెను. హెచ్చరిక నిజమైనదని నమ్మి, తమ చేతులతోనే ఆ ఫైలును తుడిచివేసిరి. అది విండోస్ కంప్యూటర్లలో సహజముగా నుండు ఫైలే! 2001లోను మరియొక ఫైలును గూర్చి ఇట్లే జరిగియుండెను. లేఖ చూపిన చోటనే వెదకినందువలన పరీక్షించినట్లు తోచినదేగాని, పరీక్ష జరుగలేదు.

ఈ భేదము మా దాచేపల్లి మిర్చిరైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. గుంటూరు యార్డులో అమ్మువాడు చూపిన పైకాయనే చూచి వ్యాపారి ధర కట్టడు. టిక్కీలో తాను కోరినచోట చేయిపెట్టి మచ్చు తీసి చూచును. హెచ్చరికను పరీక్షించువాడును అట్లే దాని వెలుపలినుండి సాక్ష్యము తేవలెను.

అట్లని హెచ్చరిక లన్నిటిని త్రోసివేయుదమా? 2000వ సంవత్సరము మే నెలలో ‘ఐ లవ్ యూ’ అను శీర్షికతో ఒక లేఖ వచ్చెను. దానికి జతపరచిన ఫైలును తెరచినవారి చిత్రములు మొదలగునవి చెడిపోయెను. వారి చిరునామా పుస్తకములోని వారందరకు ఆ లేఖ తనంతట తానే పోయెను. ఈ వైరస్ నిజమైనదే. కావున దానిని గూర్చిన హెచ్చరికయు నిజమే. ఊరక ‘పులి, పులి’ యని కేకవేసిన గొల్లపిల్లవాని కథవలె, అబద్ధపు హెచ్చరికలు నిజమైన హెచ్చరికల విలువను హరించుచున్నవి.

ఇప్పుడీ లేఖలు వాట్సాప్‌లోనికి దిగినవి. ‘రేపు మార్టినెల్లి అను వీడియో వచ్చును, తెరచినచో ఫోను పాడగును’ అను మాట 2017 మొదలు పలుమారులు తిరిగినది. మా యూరి పెద్దాయన ఒకరు ఇట్టి దానినే నాకు చూపి, “మాష్టారూ, ఇది నిజమేనా? మావాళ్లందరికీ పంపించి, మిమ్మల్ని అడుగుదామని వచ్చాను” అనిరి. “ఎవరు పంపారు బాబాయ్?” అంటిని. “మా అల్లుడు. అతనికి ఆఫీసులో ఎవరో పంపారంట” అనిరి. ఆ ‘ఎవరో’ దగ్గర దారి తెగిపోయినది. ‘రేపు’ అనుటయేగాని, తేది లేదు. తేదిలేని రేపు ఎన్నటికిని రేపే గదా!

ఆ ఫోనులోనికే పి.ఎం. కిసాన్ సొమ్ము పేర ఏపీకే ఫైలును వచ్చును. దానిని ఎక్కించుకొన్నచో బ్యాంకులోని పైకము పోవచ్చునని పోలీసులు హెచ్చరించియున్నారు. ఇది నమ్మదగిన హెచ్చరిక. రెంటికిని భేదమేమి? చెప్పినవారెవరో తెలియును, ఆ సంగతిని వారి ప్రకటనలోనే చూడవచ్చును, ఠాణాకు పోయి అడుగవచ్చును. మన దేశమున కంప్యూటరు అపాయములను గూర్చి తెలుపుటకు 2004 నుండి సెర్ట్-ఇన్ అను ప్రభుత్వసంస్థ యున్నది. సందేశములోని లింకును నొక్కక, అట్టి సంస్థ పుటను మనమే వెదకి చూడవలెను. పైకము పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరునకు ఫోను చేయవలెను.

ఇది యంత్రములతో పోవు నష్టము మాత్రమే కాదు. 2018 మే నెలలో పిల్లల నెత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి ఫోనులలో వ్యాపించెను. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండరు స్త్రీని మూక కొట్టి చంపెను. అదియు ‘జాగ్రత్త’ యను మాటతోనే వచ్చినది. ఆ కాలముననే జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరిగారు తమ సిబ్బందిని గ్రామములకు పంపి, డప్పుతో పాటలు పాడించి, వదంతులను నమ్మవలదని చాటించిరి. జూలైలో వాట్సాప్ సంస్థ, మన దేశమున ఒక సందేశమును ఒక్కమారు ఐదింటికంటె ఎక్కువచోట్లకు పంపకుండ కట్టడి చేసెను.

పొందుగల వంతెన దాటి తెలంగాణమునకు పోవుటకు మనకు కొంత సమయము పట్టును. వదంతికి నిమిషము చాలును. కావున పంపుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొందము. ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి? ఈ సందేశమునకు వెలుపల ఎచ్చట చూడవచ్చును? ఉత్తరము దొరకనిచో పంపక యూరకుండుడు. ఇదివరకే పంపి, పిదప అసత్యమని తెలిసికొన్నవారు, ఎందరికి పంపిరో అందరకును ఆ సంగతి మరల తెలుపవలెను. మా పెద్దాయన ఆ సాయంకాలమే ఆ పని చేసిరి.