గాయానికి కుట్లా, గమ్మా?



ఎల్లారెడ్డి వైపు నుండి ఒక తల్లి తన పదేళ్ళ బాబును తీసుకొచ్చింది. కాలికి కొడవలి తెగి నాలుగు రోజులైంది. ఇంట్లో గడ్డి చామంతి ఆకు పసరు పిండి, పసుపు అద్ది, గుడ్డ కట్టారు. విప్పి చూస్తే లోపలంతా చీము. "చెట్టు మందే కదా సిస్టర్, ఏమైతదిలే అనుకున్నాం" అన్నది. ఆమెను తప్పు పట్టడానికి కాదు, ఇంకో బిడ్డకు అలా కాకూడదని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను.

చెట్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది. ఐవీ అనే తీగ గోడలను పట్టుకొని ఎక్కుతుంది. దాని వేళ్ళ జిగురులో కంటికి కనపడని గుండ్రని కణాలున్నాయి. అవి సందుల్లోకి జారి, తరువాత గట్టిపడతాయి. అవి చక్కెర, మాంసకృత్తులు కలిసిన పదార్థమని 2016లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు చూపించారు. తుమ్మ జాతి చెట్ల బంకలోనూ అటువంటి పదార్థమే ఉంటుంది. దీనిని చూసి గాయాలను అతికించే జిగురు చేయాలని పరిశోధనలు చేస్తున్నారు. అయితే వారు పదార్థాన్ని శుద్ధి చేసి, పరీక్షించి చూస్తారు. మనం చేను గట్టున తెంపిన ఆకుతో మట్టి కూడా గాయంలోకి పోతుంది. ధనుర్వాతం క్రిములు ఉండేది మట్టిలో, పేడలోనే.

ఇప్పుడు ఆసుపత్రుల్లో వాడే గమ్ము చెట్టుది కాదు. సయనోఅక్రిలేట్ అనే రసాయనం. అమెరికాలో 1998లో చర్మ గాయాలకు దీనిని అనుమతించారు. "కుట్లు వద్దు సిస్టర్, గమ్ము పెట్టండి" అని చాలామంది అడుగుతారు. చిన్నగా, శుభ్రంగా, అంచులు సులభంగా కలిసే గాయానికే అది పనికొస్తుంది. లోతైన గాయానికి, మోకాలు, మోచేయి వంటి కీళ్ళ మీద గాయానికి కుట్లే మంచివి. కుక్క కాటును సాధారణంగా వెంటనే మూయరు. సబ్బుతో 15 నిమిషాలు కడిగి, టీకా కోసం రావాలి. షాపులో దొరికే గమ్ము మాత్రం ఎన్నడూ పెట్టకండి. అది చర్మాన్ని మండిస్తుంది.

గమ్ము పెట్టించుకున్నవారు దాని మీద ఆయింట్‌మెంట్, నూనె రాయకూడదు, కరిగిపోతుంది. గోకకూడదు, నీటిలో నానబెట్టకూడదు. 5 నుండి 10 రోజుల్లో తనంతట తానే ఊడిపోతుంది.

దెబ్బ తగిలిన వెంటనే శుభ్రమైన గుడ్డతో 10 నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. రక్తం ఆగాక శుభ్రమైన నీటితో కడగండి. ఆగకపోతే నొక్కి పట్టుకొనే ఆసుపత్రికి రండి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించారో చెప్పండి. ఎర్రబడినా, వాచినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకండి.

ఆ బాబు గాయానికి కుట్లు వేయడం అప్పటికి కుదరలేదు. రోజూ కట్టు మార్చి నయం చేయాల్సి వచ్చింది. మొదటి రోజే వచ్చి ఉంటే అంత బాధ ఉండేది కాదు. మీరు మొదటి రోజే రండి.