కార్బురేటరు గొట్టముల అమరిక



పల్లెటూరి బడిపంతులు కార్బురేటరును గూర్చి ప్రసంగించుట మీకు వింతగా తోపవచ్చును. కారణము మొదటనే మనవి చేసెదను. మా చిన్నకుమారుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. పాత బండ్లపై మక్కువ గలవాడగుటచే, 1976వ సంవత్సరమున తయారైన షెవ్రొలే సీ-10 అను చిన్న ట్రక్కు నొకదానిని కొనెను. నేను వాని యింట నుండగా ఒక మరమ్మతుదారుడు దాని కార్బురేటరును విప్పి, శుభ్రపరచి, మరల బిగించి యిచ్చెను. మరునాడు మేమిరువురము పల్లపు దారిని వచ్చుచుండగా, నాలుగైదు మారులు త్రొక్కినంతనే బ్రేకు పెడలు రాయివలె గట్టిపడెను. వాడు రెండు కాళ్లతో త్రొక్కి, కూడలికి బారెడు దూరమున బండి నాపగలిగెను. విచారింపగా చెడిన వస్తువేదియు లేదు. ఒక రబ్బరు గొట్టము తన చోటు తప్పియుండెను. పదములన్నియు ఒప్పుగనే యున్నను అన్వయము తప్పినచో అర్థము చెడును గదా!

ఇందలి మర్మము వినుడు. యింజనులో పిస్టను క్రిందికి దిగునపుడు గాలిని పీల్చుకొనును. ఆ గాలి వచ్చు త్రోవలో, కార్బురేటరు అడుగున, థ్రాటిలు రెక్క యడ్డుగా నుండును. ఆక్సిలరేటరు త్రొక్కనపుడు రెక్క మూసికొనియుండును గనుక దానికి దిగువ గట్టి పీల్పు పుట్టును. దీనినే మెకానిక్కులు వాక్యూము అందురు. ఆరోగ్యముగా నున్న యింజను, సముద్రమట్టమునకు దగ్గరి చోట, నెమ్మదిగా తిరుగుచున్నపుడు ఈ పీల్పు 17 మొదలు 21 అంగుళముల పాదరసము వరకు నుండును.

కార్బురేటరు ప్రక్కలను చిన్న చిన్న ముక్కులు కలవు. వెలుపలికి అన్నియు నొక్కటిగనే కనబడును. కాని కొన్నిటి రంధ్రములు రెక్కకు దిగువనుండును. వానిలో పీల్పు ఎల్లప్పుడు నుండును. కొన్నిటివి రెక్కకు కొంచెము ఎగువ నుండును. రెక్క మూసియున్నంతసేపు వానిలో పీల్పు లేదు, కొంచెము తెరచినతోడనే పుట్టును. చిక్కంతయు ఈ భేదమును గుర్తింపకపోవుటయే.

బ్రేకు బూస్టరునకును, యింజను లోపలి ఆవిరులను లాగు పీసీవీ వాల్వునకును, ఆటోమేటిక్ గేరుపెట్టె మాడ్యులేటరునకును దిగువ పీల్పు కావలెను. పొగను మరల యింజనులోనికి పంపు ఈజీఆర్ వాల్వునకు ఎగువ పీల్పు తగును. దిగువది తగిలించినచో నిలిచి తిరుగు యింజను తడబడి ఆగిపోవును. డిస్ట్రిబ్యూటరు గొట్టము మాత్రము బండినిబట్టి మారును. మా బండిలో బూస్టరు గొట్టమునకు అతుకు ముక్క వేసి ఎగువ ముక్కునకు తగిలించియుండిరి. పల్లమున ఆక్సిలరేటరు వదలగానే రెక్క మూతపడెను, పీల్పు పోయెను. బూస్టరులో మిగిలిన నిలువ నాలుగు త్రొక్కులకు సరిపోయెను.

1970లో అమెరికా ప్రభుత్వము గాలి శుభ్రతకై కఠినమైన చట్టము చేసిన పిమ్మట ఈ గొట్టములు మిక్కిలి పెరిగినవి. అందుచే బానెట్టు క్రింద పటము గల కాగిత మంటింపబడియుండును. అది చినిగినచో, ఆ సంవత్సరమునకు, ఆ యింజనునకు, ఆ గేరుపెట్టెకు తగిన కంపెనీ మరమ్మతు పుస్తకమును చూడవలెను. కాలిఫోర్నియా బండ్ల అమరిక వేరుగా నుండవచ్చును.

మేము చేసిన పని యిది. ప్రతి గొట్టమునకు అంకె వేసిన చీటి కట్టితిమి. యింజనును నెమ్మదిగా తిరుగనిచ్చి, వాక్యూము గేజిని ఒక్కొక్క ముక్కునకు తగిలించి చూచితిమి. ముల్లు వెంటనే లేచినది దిగువ ముక్కు. రెక్క తెరచిన పిదప లేచినది ఎగువ ముక్కు. పటముతో సరిచూచి కలిపి, పగిలిన గొట్టములను మార్చి, వాడని ముక్కులకు రబ్బరు టోపీలు తొడిగితిమి. తెరచియుంచిన ముక్కు వృథాగా గాలిని పీల్చును. మిశ్రమము పలుచనై యింజను వణకును.

రెండు హెచ్చరికలు. కారుటను కనుగొనుటకై వేడి యింజనుపై పెట్రోలు వంటి మండు ద్రవములను చల్లరాదు, నిప్పంటుకొనును. మూసిన షెడ్డులో యింజను తిరుగనీయరాదు. అందలి కార్బన్ మోనాక్సైడునకు వాసన లేదు, ప్రాణము తీయును.

తుదకు బ్రేకు పరీక్ష. యింజను ఆపి, పెడలును గట్టిపడువరకు పలుమారులు త్రొక్కి, అట్లే అదిమియుంచి యింజనును నడపవలెను. పెడలు కొంచెము క్రిందికి దిగినచో బూస్టరు పనిచేయుచున్నది. దిగనిచో బండిని గడప దాటింపరాదు. మాది దిగినది. ఆ తరువాతనే నేను మరల అందెక్కితిని.

మీ యిండ్ల యంత్రము లేవైనను సరే, విప్పువానిచేత ముందు గుర్తులు పెట్టింపుడు. విప్పుటకు బలము చాలును. కూర్చుటకు జ్ఞాపకము కావలెను.