బిడ్డ ఉమ్మేసిన ముద్ద

సంతానం కోసం మొక్కుకునేవాళ్లు చిల్కూరుకు ఎంత దూరం నుంచి వస్తారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2024 ఏప్రిల్‌లో అక్కడి బాలాజీ గుడిలో సంతానం కోసం గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి జనం పోటెత్తితే ఆ దారిలో బండ్లు గంటల తరబడి కదల్లేదు. నా మాట ఆ మొక్కు ఫలించిన తరవాతి సంగతి గురించి. అంతగా కోరుకుని కన్న బిడ్డ ఆరు నెలలు నిండాక, నోట్లో పెట్టిన ముద్దను తుపుక్కున ఉమ్మేస్తే ఇంట్లో ఏం జరుగుతుంది? నానమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తుంది. తండ్రి ఆకలి పుట్టించే టానిక్ అని ఏదో సీసా తెస్తాడు. తల్లి బిడ్డను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, చేతులు అదిమిపట్టి, చెంచా లోపలికి తోస్తుంది. ఈ మూడింటిలో బిడ్డకు ఏ హానీ చేయనిది దిష్టి తీయడం ఒక్కటే. మిగతా రెండూ చాలాసార్లు నాలుగు రోజుల్లో పోయే ఇబ్బందిని నాలుగేళ్ల గొడవగా మారుస్తాయి. అందుకే ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది పెద్దల చేతిలో ఉండాలి, ఎంత తినాలి అన్నది బిడ్డకు వదిలేయాలి అంటాను. ఇది వినడానికి తేలికే, మన ఇళ్లలో ఒప్పించడమే కష్టం. కాబట్టి కాస్త వివరంగా మాట్లాడుకుందాం.

ముందు ఉమ్మడం ఎందుకో చూద్దాం. పుట్టినప్పటి నుంచి పసిబిడ్డ నాలుకకు ఒక గుణం ఉంటుంది. పెదవుల మధ్య గట్టిది ఏది తగిలినా దాన్ని బయటికి నెట్టేస్తుంది. పాలు తప్ప మరొకటి గొంతులోకి జారకుండా ప్రకృతి పెట్టిన కాపలా అది. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మెల్లగా సడలుతుంది, అందరికీ ఒకే రోజున కాదు. ఆరో నెలలో అన్నప్రాశన చేసి మర్నాడే చెంచా పట్టుకుంటే, సగం ముద్ద గడ్డం మీదికి రావడం మామూలే. ముద్దను నాలుకతో వెనక్కి తీసుకుని మింగడం బిడ్డ కొత్తగా నేర్చుకోవలసిన పని. దానికి తోడు రుచి ఉంది. పుట్టిన గంటల్లోనే పసిపిల్లలు తీపి తగిలితే చప్పరిస్తారు, చేదు తగిలితే మొహం చిట్లిస్తారు. జేకబ్ స్టైనర్ అనే శాస్త్రవేత్త 1970లలోనే ఈ ముఖకవళికలను నమోదు చేశాడు. పాయసం చప్పరించిన బిడ్డ పాలకూర పప్పును ఉమ్మేసిందంటే నోరు సరిగ్గా పనిచేస్తోందన్న మాటే.

ఈ చిట్లింపును మనం తీర్పుగా తీసుకుంటాం. 'మా వాడికి కూరగాయలు పడవు' అని ఎనిమిదో నెలలోనే తేల్చేస్తాం. 2007లో ప్రచురితమైన ఒక యూరప్ అధ్యయనం ఈ తొందరకు మంచి జవాబు. ఏడు నెలల పిల్లల తల్లులను, మీ బిడ్డ బొత్తిగా ఇష్టపడని కూరగాయ గుజ్జు ఏదని అడిగారు. దాన్నే రోజు విడిచి రోజు, బలవంతం లేకుండా, ఎనిమిది సార్లు పెట్టించారు. ఎనిమిదోసారికి డెబ్బై శాతానికి పైగా పిల్లలు దాన్ని ఇష్టంగా తిన్నారు. తల్లులు మామూలుగా రెండు మూడు సార్లకే మానుకుంటారు. చేవెళ్ల, మొయినాబాద్ పొలాల నుంచి పట్నం మార్కెట్లకు క్యారెట్లూ ఆకుకూరలూ పంపే ప్రాంతం మనది. అదే క్యారెట్‌ను మూడోసారి ఉమ్మేశాడని పక్కనపెట్టి బిస్కెట్ పొట్లం విప్పడం ఇక్కడ మరీ చిత్రం.

ఇక బలవంతం సంగతి. అమెరికాలో ఇంకా బడి ఈడు రాని పిల్లల మీద చేసిన ప్రయోగం 2006లో అచ్చయింది. 'సూపు మొత్తం తాగెయ్' అని ఒత్తిడి చేసినప్పుడు పిల్లలు తక్కువ తాగారు, దాన్ని తిట్టుకోవడం ఎక్కువైంది. ఏమీ అననప్పుడు ఎక్కువ తాగారు. పసిబిడ్డ నోటితో తిట్టలేదు, తల తిప్పుకుంటుంది, పెదవులు బిగిస్తుంది, చెంచా చూస్తేనే ఏడుస్తుంది. అప్పుడు దానికి భయం కలిగిస్తున్నది అన్నం రుచి కాదు, అన్నం వేళ. వెల్లకిలా పడుకోబెట్టి ఏడుస్తున్న నోట్లో పోయడంలో పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదమూ ఉంది. 'మేమంతా అట్లనే పెరిగినం గదా' అంటారు పెద్దలు. పెరిగినవాళ్లే కదమ్మా ఇక్కడ కూర్చుని ఆ మాట చెప్పగలిగేది.

అయినా పాత పద్ధతులన్నిటినీ తోసిపుచ్చే ఉద్దేశం నాకు లేదు. చంకనెత్తుకుని, చందమామను చూపించి, పాట పాడుతూ గోరుముద్దలు తినిపించడంలో ఎంతో విజ్ఞానం ఉంది. పాడే మనిషి కళ్లు బిడ్డ ముఖం మీదే ఉంటాయి, నోరు తెరిచేదాకా ముద్ద ఆగుతుంది, బిడ్డ తల తిప్పుకుంటే పాటా ఆగుతుంది. ఫోన్ పెట్టి తినిపించడాన్ని చాలామంది దీనికి కొత్త రూపం అనుకుంటారు. అక్కడ బిడ్డ చూపు తెర మీద, తల్లి చూపు గిన్నె మీద. ఆకలి తీరిందని బిడ్డ చెప్పదు, చెప్పినా చూసేవాళ్లు లేరు. గిన్నె ఖాళీ అయిందన్న తృప్తి మాత్రం మిగులుతుంది.

అసలు పెద్ద అభ్యంతరం వేరే ఉంది, దాన్ని దాటేయను. 'బాగా కలిగిన దేశాల్లో బిడ్డ ఇష్టానికి వదిలేస్తారు, మనకు చెల్లుతుందా?' న్యాయమైన ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో అయిదేళ్ల లోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలలు దాటిన పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత. ఇలాంటి చోట ముద్ద వదులుకోవడం విలాసం అనిపిస్తుంది. దీనికి జవాబు అమెరికాలో వెతకక్కర్లేదు, నల్లగొండలో ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన షహనాజ్ వజీర్, సహ పరిశోధకులు నల్లగొండ జిల్లాలో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. బిడ్డకు మూడు నెలలప్పటి నుంచి పదిహేను నెలలు వచ్చేదాకా ఊళ్లోని ఆడవాళ్లకే తర్ఫీదు ఇచ్చి ఇళ్లకు పంపారు. కొన్ని పల్లెల్లో మామూలు అంగన్‌వాడీ సేవలే అందాయి. కొన్నిట్లో ఏం పెట్టాలో చెప్పారు. మరి కొన్నిట్లో దానితో పాటు ఎలా పెట్టాలో, బిడ్డ సైగలు ఎలా గమనించాలో, ఎలా ఆడించాలో కూడా చెప్పారు. చెప్పిన రెండు రకాల పల్లెల్లోనూ పిల్లలు ఎక్కువ పోషకాలు తిన్నారు. సైగలూ ఆటా నేర్పిన పల్లెల పిల్లలు మానసిక వికాస పరీక్షల్లో ముందున్నారు. ఎత్తు పెరుగుదలలో మాత్రం ఏం పెట్టాలో చెప్పిన పల్లెలే మెరుగు. కాబట్టి బిడ్డను గమనిస్తూ తినిపిస్తే ఎత్తు పెరిగిపోతుందని నేను చెప్పను. బలవంతం మానితే తిండి తగ్గిపోతుందన్న భయానికి మాత్రం ఆ పల్లెల్లో ఆధారం దొరకలేదు.

ఎందుకంటే బలవంతం మానడమంటే బిడ్డను దాని మానాన వదిలేయడం కాదు. 1920, 30లలో క్లారా డేవిస్ అనే అమెరికన్ డాక్టరు పదిహేను మంది పిల్లలకు తినేది వాళ్లే ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చింది. పాలివ్వడం మాన్పించగానే ముప్పైకి పైగా పదార్థాలను ముందు పెట్టించింది, నర్సులు నోరెత్తకుండా పక్కన కూర్చున్నారు. పిల్లలు ఏపుగా పెరిగారు. పిల్లల తెలివికి ఇది రుజువని చాలామంది ఊరేగించారు గానీ, కిటుకు ఆ పళ్లెంలో ఉందని డేవిసే చెప్పింది. చక్కెరా మైదా వంటలూ అందులో లేవు. ఏది ఎంచుకున్నా మంచిదే అయ్యేలా పెద్దలు ముందే చూసుకున్నారు. మన పని అక్కడుంది. ఎనిమిది కిలోల బిడ్డ పొట్టలో ఒక పూటకు పట్టేది సుమారు 240 మిల్లీలీటర్లు. దాన్ని పప్పు మీది తేటతోనో పలచటి జావతోనో నింపి, ఆ తరవాత తినలేదని బాధపడితే ఎలా? పప్పన్నం మెత్తగా, చెంచా వంచినా జారనంత చిక్కగా మెదిపి, చెంచాడు నూనో నెయ్యో కలిపితే దాదాపు 45 కేలరీలు అదనంగా చేరతాయి, పరిమాణం పెరగదు. గుడ్డు తినే ఇళ్లలో గుడ్డు పెట్టండి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతం వాడండి, అందులో ఇప్పటికే చక్కెర ఉంది, మళ్లీ వేయకండి. రోజంతా సీసాతో పాలు తాగే బిడ్డకు అన్నం వేళకు ఆకలి ఎక్కడి నుంచి వస్తుంది?

ఏడాది నిండిన పిల్లల తల్లులకు ఒక మాట. మొదటి ఏడాది బిడ్డ సుమారు ఆరు కిలోలు పెరుగుతుంది, రెండో ఏడాది రెండు, రెండున్నర కిలోలే. పుట్టినరోజు కాగానే ఆకలి తగ్గినట్టు కనిపించడానికి ఇదే కారణం. టానిక్ సీసాలు ఎక్కువగా అమ్ముడయ్యేది ఈ వయసుకే అనుకుంటాను.

'పొద్దున లేస్తే పనికి పోవాలె, గంటసేపు బతిమాలేందుకు టైమేది?' అనేవాళ్లకు ఈ పద్ధతి నిజానికి సమయం మిగులుస్తుంది. ఇరవై నిమిషాలు, మహా అయితే అరగంట. నిటారుగా కూర్చోబెట్టండి, మీ పక్కనే, మీరు తినేటప్పుడే. చేతికి ఒక మెత్తటి ముక్క ఇవ్వండి, పారేసుకున్నా సరే. తల తిప్పేస్తే ఒకసారి ఆగి మళ్లీ చూపించండి, అప్పుడూ వద్దంటే గిన్నె తీసేయండి. రెండు మూడు గంటల తరవాత మళ్లీ పెట్టండి. మధ్యలో బిస్కెట్లూ చిప్స్ పొట్లాలూ వద్దు. ఈ నియమం తల్లికొక్కదానికే చెబితే లాభం లేదు, మధ్యలో పొట్లం తెచ్చిచ్చేది తాతయ్యో నాన్నో అయి ఉంటారు.

ఇదంతా ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు. ప్రతిసారీ పొలమారుతున్నా, మింగేటప్పుడు నొప్పితో ఏడుస్తున్నా, పాలు కూడా వద్దంటున్నా, జ్వరమో విరేచనాలో ఉండి మందకొడిగా పడుకుంటున్నా ఓపిక పడుతూ కూర్చోవద్దు, డాక్టరుకు చూపించండి. రక్తహీనత వల్ల కూడా ఆకలి చచ్చిపోతుంది, ఒక చిన్న రక్తపరీక్షతో తేలుతుంది. నెలనెలా అంగన్‌వాడీలో బరువు తూయించి ఎదుగుదల కార్డులో గీత చూడండి. గీత పైకి పోతుంటే ఇవాళ ఎన్ని ముద్దలు ఉమ్మేశాడన్న లెక్క అక్కర్లేదు. వరుసగా రెండు నెలలు గీత పెరగకుండా అడ్డంగా పోతే, ఆ కార్డు చేతబట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.